బ్రహ్మోత్సవాల ముందు మీ పేరుతో మెయిల్ పంపేవాళ్ళ లెక్క తీయండి

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ తిరుపతిలో లాడ్జీల వాళ్ళకు ఊపిరి సలపదు. అధికమాసం వచ్చిన ఏడాదైతే ఆ హడావుడి రెండుసార్లు. ఒక ఏడు సరిగ్గా గరుడ సేవ నాడు, బుక్ చేసుకున్నవాళ్ళు కౌంటర్ దగ్గరికొచ్చి 'కన్ఫర్మేషన్ మెయిల్ రాలేదండీ' అని వరస కట్టారు. తప్పు నాదే. ముందురోజు కుదురుగా ఉండలేక డీమార్క్ పాలసీని (మన డొమైన్ పేరుతో వచ్చిన మెయిల్ అసలుదని తేలకపోతే ఏం చేయాలో అవతలి మెయిల్ సర్వర్లకు చెప్పే నియమం) రిజెక్ట్‌కు, అంటే అలాంటివి తిప్పికొట్టమని, మార్చాను. బుకింగ్ సాఫ్ట్‌వేర్ కూడా మా డొమైన్ పేరుతోనే మెయిల్ పంపుతుందన్న సంగతే మరిచిపోయాను.

అందుకే నెల ముందే మొదలుపెట్టండి. పాలసీని 'నన్' (ఏ మెయిల్‌నూ ఆపొద్దు) మీద ఉంచి, రిపోర్టులు వచ్చే అడ్రస్ ఇవ్వండి. రెండు మూడు వారాల్లో మీ పేరుతో పంపేవాళ్ళంతా బయటపడతారు: బుకింగ్ సాఫ్ట్‌వేర్, బిల్లులు పంపే అకౌంటింగ్ ప్యాకేజీ, ఆఫర్ల మెయిల్స్ పంపే సర్వీసు, వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారం. మీ అకౌంటెంట్‌నీ అడగండి. నెలనెలా ఎవరికి డబ్బు కడుతున్నామో మనకన్నా ఆయనకే బాగా తెలుసు.

ఎస్‌పీఎఫ్ అంటే మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు. అందులో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కొత్త కంపెనీ వచ్చినప్పుడల్లా ఇంకో రికార్డు పెట్టేస్తారు. డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఆ ఒక్కదానిలోనూ డీఎన్‌ఎస్ (డొమైన్ రికార్డులు ఉండే చోటు) లుకప్‌లు, అంటే అక్కడ వెతుకులాటలు, 10 దాటకూడదు. ఇన్‌క్లూడ్ (ఇంకో కంపెనీ జాబితాను మన రికార్డులో కలుపుకోవడం) లోపలి ఇన్‌క్లూడ్‌లు కూడా లెక్కలోకి వస్తాయి.

అసలు కిటుకు వేరే ఉంది. ఇలాంటి సర్వీసులు చాలావరకు రిటర్న్ పాత్‌లో (చేరని మెయిల్ తిరిగొచ్చే అడ్రస్, ఎస్‌పీఎఫ్ చూసేది దీన్నే) తమ డొమైనే పెట్టుకుంటాయి. అప్పుడు ఎస్‌పీఎఫ్ పాసైనా, ఫ్రమ్‌లో ఉన్న మీ డొమైన్‌తో అది కలవదు కాబట్టి డీమార్క్‌కు పనికిరాదు. 'మా డొమైన్‌తోనే డీకిమ్ సంతకం (మెయిల్ ఆ డొమైన్ తరఫునే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం) చేయండి' అని గట్టిగా అడగండి. వాళ్ళిచ్చే సీనేమ్ రికార్డులను (మీ డొమైన్ కింది ఒక పేరును వాళ్ళ పేరుకు మళ్ళించేవి) మీ డీఎన్‌ఎస్‌లో పెడితే చాలు.

తర్వాత మీ సొంత జీమెయిల్‌కే ఒక రూమ్ బుక్ చేసి, వచ్చిన మెయిల్‌లో 'షో ఒరిజినల్' నొక్కండి. డీకిమ్ పాస్ అన్నచోట మీ డొమైన్ పేరే కనిపించాలి.

ఆఫర్ల మెయిల్స్‌ను వేరే సబ్‌డొమైన్ నుంచి పంపించండి. జనం వాటిని స్పామ్‌లో వేసినా, ఆ దెబ్బ కన్ఫర్మేషన్ల మీద అంతగా పడదు. జీమెయిల్‌కు రోజుకు 5,000 దాటి పంపేవాళ్ళకు 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి.

ధ్వజారోహణానికి వారం ముందు నుంచి డీఎన్‌ఎస్‌ను కెలకొద్దు. రిజెక్ట్ మోజు ఉంటే పండగయ్యాక తీర్చుకోవచ్చు. మానేసిన కంపెనీల రికార్డులను కూడా అప్పుడే తీసేయండి. లేకపోతే వాళ్ళు ఇంకా మీ పేరుతో మెయిల్ పంపగలరు.