యూ (yew) మొక్కల కంచె వేసుకోవాలంటే ముందు నీళ్ల సంగతి చూడండి

ఇక్కడ ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో మనవాళ్లు ఇల్లు కొనగానే నన్ను అడిగేది ఒకటే: "తొందరగా పెరిగే కంచె మొక్క ఏదైనా చెప్పండి" అని. తొందర ఉంటే లేలాండీ అనే సైప్రస్ రకం చెట్టు ఉంది. ఏడాదికి మీటరు దాకా ఎగబాకుతుంది. కానీ ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కోస్తే మళ్లీ చిగురించదు. సూదుల్లాంటి ఆకులుండే యూ చెట్టు ఏడాదికి 20-30 సెంటీమీటర్లే పెరుగుతుంది, మొద్దు దాకా కొట్టినా చిగురేస్తుంది. చలికాలంలోనూ ముదురాకుపచ్చగానే ఉంటుంది. నా ఓటు దానికే.

నీడైనా, సున్నపు నేలైనా యూ సర్దుకుంటుంది. ఓర్చుకోలేనిది వేళ్ల దగ్గర నీళ్లు నిలవడం. మా వైపు బంకమట్టి కాబట్టి ముందు మోకాటి లోతు గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నీళ్లు ఇంకకపోతే అక్కడ నేరుగా నాటొద్దు. గుంతలో ఇసుక పోయమని చాలామంది చెప్తారు గానీ, చుట్టూ బంకమట్టే ఉన్నప్పుడు నీళ్లన్నీ వచ్చి ఆ గుంతలోనే చేరతాయి. దాని బదులు కంపోస్టు కలిపిన మట్టితో జానెడు ఎత్తు కట్ట పోసి, కట్ట మీద నాటండి. వేళ్లు కుళ్లితే ఆకు పసుపై, గోధుమరంగుకి తిరిగి, ఒక్కో కొమ్మే ఎండుకుంటూ వస్తుంది. అప్పుడిక చేసేదేం లేదు.

నవంబరు నుంచి మార్చి దాకా కుండీ, మట్టి లేకుండా ఉత్త వేళ్లతో మొక్కలు అమ్ముతారు. చవక. రెండడుగుల మొక్కలు కొని, అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంలో పెట్టండి. నాటేదాకా వేళ్ల మీద తడిగోనె కప్పి ఉంచండి. కాండం మీద పాత మట్టి గీత కనిపిస్తుంది, అంతకన్నా లోతుగా పాతొద్దు. మొదటి రెండు వేసవులు వానల్లేనప్పుడు వారానికోసారి వేళ్లు తడిసేలా నీళ్లు పెట్టాలి.

కత్తిరింపు ఏడాదికోసారి చాలు. మార్చి నుంచి ఆగస్టు దాకా పిట్టలు గూళ్లు పెడతాయి కాబట్టి సెప్టెంబరు మంచిది. పక్కలు మొదటి నుంచీ కోయండి, కావలసిన ఎత్తు వచ్చేదాకా తల మాత్రం ముట్టుకోవద్దు. కింద వెడల్పుగా, పైకి వెళ్లేకొద్దీ సన్నగా ఉంచితే కింది ఆకులకీ వెలుతురు అందుతుంది. 2 మీటర్లు దాటితే పక్కింటివాళ్లు ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఆ టెన్షన్ మనకెందుకు?

ఇది విషపు మొక్క. మన ఊళ్లో ఇళ్ల ముందు గన్నేరు ఉండదూ, అలాగే. ఆడమొక్కకి కాసే ఎర్ర పండులో గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. పాకే పిల్లలుంటే కొన్నేళ్లు ఆగడమే నయం. కోసిన రెమ్మలు ఎండినా విషం పోదు, గుర్రాలో ఆవులో తింటే చచ్చిపోతాయి. కంచె అవతల పశువులు మేస్తుంటే ఒక్క రెమ్మ కూడా అటు పడనివ్వొద్దు. ఇదే ఆకులోని పదార్థంతో డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు తయారవుతుంది, అది వేరే సంగతి.

కొన్న ఇంటికే పాత యూ కంచె అడ్డదిడ్డంగా పెరిగి ఉంటే పీకించకండి. ఏప్రిల్‌లో, గూళ్లు లేవని చూసుకుని, ఒక పక్క మొద్దు దాకా కొట్టి ఎరువు వేయండి. ఆ పక్క బాగా చిగురించాకే, మరుసటి ఏడో ఆ పైఏడో రెండో పక్క కొట్టండి.