అలెగ్జాండ్రియా నగరాన్ని చూసి రావడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రయాణికులకు కొన్ని సూచనలు

ఈజిప్టు ప్యాకేజీ యాత్రల్లో అలెగ్జాండ్రియాకు సాధారణంగా ఒక్క పగలు మాత్రమే కేటాయిస్తారు. తెల్లవారుజామున కైరోలో బస్సెక్కించి, ఒక స్తంభం, ఒక కోట, ఒక గ్రంథాలయం చూపించి, సముద్రం పక్కన భోజనం పెట్టించి రాత్రికి వెనక్కి తీసుకువస్తారు. ఆ విధంగా చూసి వచ్చినవారు "అక్కడ పెద్దగా ఏమీ లేదు" అనడంలో వింత లేదు. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ వేయించిన పట్టణంలో చాలా భాగం నేటి ఇళ్ల పునాదుల కింద ఉంది, రాజప్రాసాదాలు ఉండిన తీరం కొంత సముద్రంలో మునిగిపోయింది, ప్రపంచ వింతల్లో ఒకటైన దీపస్తంభం భూకంపాలకు కూలిపోయింది. మిగిలినవి కొన్ని శిథిలాలు, వాటి చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడిన జనం కట్టుకున్న వీధులు. ఆ వీధులను సాయంత్రాలు నడుస్తూ చూడాలి కనుక కనీసం మూడు రాత్రులు అక్కడే బస చేయాలన్నది ఈ వ్యాసకర్త మొదటి సలహా.

బయలుదేరే ముందు మన తీరానికీ ఆ నగరానికీ ఉన్న పాత సంబంధం కొంత తెలుసుకుని వెళితే అక్కడ చూసేవాటికి అర్థం పెరుగుతుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉండి భూగోళ గ్రంథం రాసిన టాలెమీ, కృష్ణా ముఖద్వారం చుట్టూ ఉన్న మన తీరాన్ని మైసోలియా అన్న పేరుతో, రేవుల పేర్లతో సహా నమోదు చేశాడు. అలెగ్జాండ్రియా వర్తకుల సరుకు నైలు నది మీదుగా ఎగువకు వెళ్లి, అక్కడి నుంచి ఒంటెల మీద ఎడారి దాటి, ఎర్రసముద్రపు రేవుల్లో ఓడలకెక్కి, నైరుతి రుతుపవనాల గాలితో మన దేశానికి చేరేది. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు బట్టలు అదే దారిలో వెనక్కి వెళ్లేవి. 18వ శతాబ్దం చివర నెల్లూరుకు దగ్గర్లో పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగలగా, దాని కింద దొరికిన చిన్న కుండలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అలెగ్జాండ్రియాలోని గ్రీకు రోమన్ మ్యూజియంలో నాణేల గది ముందు నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలు, ఆ గదిని దాటిపోవడానికి కాళ్లు రావు.

వెళ్లడానికి అక్టోబరు, నవంబరు నెలలు, ఆ తర్వాత మార్చి, ఏప్రిల్ నెలలు అనువైనవి. వేసవిలో ఎండ మనకు లెక్కలోది కాదు గాని, కైరో కుటుంబాలన్నీ సముద్ర స్నానాలకు అక్కడికే వస్తాయి కనుక హోటళ్లు నిండిపోయి, తీరపు రోడ్డు మీద వాహనాలు కదలవు. వసంతంలో అప్పుడప్పుడు ఎడారి నుంచి ఖమ్సీన్ అనే దుమ్ము గాలి వీస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వర్షాలతో కూడిన తుఫాను గాలులు వస్తాయి. అక్కడి జాలరులు వాటికి తరతరాలుగా పేర్లు పెట్టుకుని, ఏ గాలి ఏ వారంలో వస్తుందో చెప్పగలరు. కొత్తపట్నం, మైపాడు తీరాల్లో పెరిగినవారికి ఆ అలలను చూడాలనిపించవచ్చు, అయితే ఆ రోజుల్లో వీధుల్లో నీళ్లు నిలిచి తిరగడం కష్టమవుతుంది.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. వీసాను బయలుదేరకముందే తీసుకోవాలి. ఢిల్లీలో ఈజిప్టు రాయబార కార్యాలయం, ముంబయిలో కాన్సులేటు ఉన్నాయి. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక టికెట్టు కొనకముందే అక్కడి తాజా సమాచారం చూసుకోవాలి. నెల్లూరు వారికి చెన్నై విమానాశ్రయం దగ్గర. ఒంగోలు వారు చెన్నై, హైదరాబాదుల్లో టికెట్టు ధర ఎక్కడ తక్కువైతే అక్కడి నుంచి వెళ్లవచ్చు. ఏదైనా గల్ఫ్ నగరంలో విమానం మారి కైరోలో దిగి, అక్కడి రమ్సెస్ స్టేషన్‌లో రైలు ఎక్కడం అన్నింటికన్నా తేలిక. ప్రయాణం రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అలెగ్జాండ్రియాలో ముందు సీదీ గాబర్, తర్వాత ఆఖరిదైన మిస్ర్ స్టేషన్ వస్తాయి. పాత నగరంలో బస చేసేవారు ఆఖరి స్టేషన్‌లో దిగాలి. అలెగ్జాండ్రియాకు సొంత విమానాశ్రయం బోర్గ్ అల్ అరబ్‌లో ఉన్నప్పటికీ అది ఊరికి చాలా దూరం. గల్ఫ్‌లో పనిచేసే బంధువులు అక్కడి నుంచే నేరుగా వచ్చి కలిసేటట్లయితే ఆ దారి పనికొస్తుంది.

బసకు మహత్తత్ రమ్ల్ (రమ్ల్ ట్రాము స్టేషన్) పరిసరాలను మించిన చోటు లేదు. సముద్రం, కాఫీ హోటళ్లు, మ్యూజియం, పాత వీధులు అన్నీ అక్కడి నుంచి నడక దూరంలోనే ఉంటాయి. బేరాలకు ముందు అరబ్బీ అంకెలు నేర్చుకోవడం మంచిది. ధరల పలకల మీద, టాక్సీల మీద, రైలు పెట్టెల మీద అవే ఉంటాయి. మన సున్నాలాగా గుండ్రంగా కనిపించేది అక్కడ ఐదు, ఒట్టి చుక్క పెడితే సున్నా, ఏడులాగా కనిపించేది ఆరు. ఈ మూడూ తెలియకపోతే యాభై ఈజిప్టు పౌండ్ల వస్తువును ఎంతకు కొన్నారో మీకే తెలియదు. పురావస్తు స్థలాల్లో టికెట్టుకు చాలా చోట్ల నగదు తీసుకోరు, విదేశాల్లో పనిచేసే బ్యాంకు కార్డు ఉండాలి. టాక్సీవారు మీటరు వేయరు కనుక ఎక్కకముందే ధర తేల్చుకోవాలి, లేదా ఫోనులో ఊబర్ వంటి యాప్ వాడుకోవాలి. రమ్ల్ ట్రాము 1863లో మొదలైన పాత మార్గం. దానిపై ఆధునికీకరణ పనులు చేపట్టారు కనుక నడుస్తున్నదో లేదో హోటల్లో అడిగి ప్రణాళిక వేసుకోవాలి.

మొదటి రోజు ఉదయాన్నే, టూరిస్టు బస్సులు రాకముందే, నగరానికి నైరుతి దిక్కున ఉన్న కోమ్ అల్ షొకాఫా భూగర్భ సమాధులకు వెళ్లాలి. 1900లో ఒక గాడిద గోతిలో పడటంతో ఈ చోటు బయటపడిందని చెబుతారు. సుడి తిరిగే మెట్ల మీదుగా రాతిలోకి దిగితే, చనిపోయినవారి బంధువులు వచ్చి భోజనం చేసే గది మొదట వస్తుంది. మూడు వైపులా రాతి అరుగులు, వాటి మీద పరుపులు వేసుకుని ఒరిగి తినేవారు. అసలు సమాధి గది ద్వారం దగ్గర తొందరపడకుండా నిలబడాలి. రెండు పక్కలా గడ్డం ఉన్న పాములు చెక్కి ఉన్నాయి, వాటి తలల మీద ఈజిప్టు రాజుల జంట కిరీటం, పక్కన గ్రీకు దేవతల దండాలు, పైన డాళ్ల మీద గ్రీకు కథల్లోని పాముల జుట్టు మెడూసా ముఖం. లోపలి గోడ మీద నక్క తల ఉన్న అనూబిస్ దేవుడు రోమన్ సైనికుడి కవచం తొడుక్కుని నిలబడి ఉంటాడు. క్రీ.శ. 2వ శతాబ్దపు అలెగ్జాండ్రియాలో ఒక కుటుంబం చావు విషయంలో ఏ దేవుడినీ నొప్పించకుండా అందరినీ పిలిచిందన్నమాట. నగరమంతటిలో ఒక్కచోటే చూసే వీలుంటే ఈ వ్యాసకర్త ఇదే చూడమంటారు. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారికి మాత్రం ఆ మెట్లు ఇబ్బందే.

అక్కడికి దగ్గర్లోనే పాంపే స్తంభం ఉంది. రోమన్ సేనాని పాంపేకూ దానికీ సంబంధం లేదు. 3వ శతాబ్దం చివర డయొక్లీషియన్ చక్రవర్తి గౌరవార్థం నిలిపినది. అస్వాన్ ఎర్ర గ్రానైటుతో దాదాపు 27 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్తంభం ఫొటోకు బాగుంటుంది గాని, దాని చుట్టూ ఉన్న ఖాళీ నేలే ఎక్కువ చెబుతుంది. 391లో నేలమట్టమైన సెరాపియం ఆలయం ఉండింది అక్కడే. మధ్యాహ్నానికి కోమ్ అల్ దిక్కా చేరుకుంటే, 1960 ప్రాంతంలో వెలుగు చూసిన పాలరాతి మెట్ల రోమన్ నాటకశాల, దాని పక్కన వరుసగా పాఠాలు చెప్పిన గదులు, పక్షుల మొజాయిక్ నేల కనిపిస్తాయి. పోలండు పురావస్తు నిపుణులు దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తున్నారు. 1892లో ఏర్పడి, 2005 నుంచి మూసి ఉండి 2023లో తిరిగి తెరచిన గ్రీకు రోమన్ మ్యూజియం అక్కడికి నడక దూరం. దానికి పూర్తి మూడు గంటలు ఉంచుకోవాలి.

రెండో రోజును సముద్రానికి వదిలిపెట్టాలి. ఉదయం అన్ఫూషీ వైపు వెళితే చెక్క పడవలు కట్టే చోట్లు, చేపల మార్కెట్టు ఉంటాయి. పడవ చట్రానికి పక్కటెముకలు బిగించే పనిని రామాయపట్నం, కృష్ణపట్నం వైపు చూసినవారు అక్కడ ఆగకుండా ఉండలేరు. ఆ చివరన ఖైత్‌బే కోట ఉంది. క్రీ.పూ. 280 ప్రాంతంలో పూర్తయిన దీపస్తంభం వంద మీటర్లకు మించి ఎత్తు ఉండేదని పరిశోధకుల అంచనా. 1303, 1323 భూకంపాల్లో అది పాడైపోయాక, 1477లో సుల్తాన్ ఖైత్‌బే ఆ చోటే కోట కట్టించాడు. దీపస్తంభపు రాళ్లు కొన్ని గోడల్లో కలిశాయంటారు. కోట లోపల చూడవలసినది తక్కువ, గోడల మీదికెక్కి తూర్పు రేవు వంపును చూడటమే ముఖ్యం. పడమటి వైపు నౌకాదళ స్థావరం ఉంది కనుక అటు కెమెరా తిప్పకూడదు. డ్రోన్ కెమెరాను అనుమతి లేకుండా ఈజిప్టులోకి తీసుకురావడమే నేరం. తిరుగు దారిలో అబూ అల్ అబ్బాస్ అల్ మూర్సీ మసీదు చూడవచ్చు. చెప్పులు బయట వదిలి, స్త్రీలు తల కప్పుకుని, శుక్రవారం మధ్యాహ్నపు ప్రార్థన సమయం కాకుండా వెళ్లాలి.

మధ్యాహ్న భోజనం చేపలతోనే చేయాలి. మంచు మీద పరచిన చేపల్లోంచి మీరే ఎంచుకోవాలి. నెల్లూరు మార్కెట్టులో మొప్పలు ఎత్తి చూసినట్టే అక్కడా చూడవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. తూకం వేయించి, ఎలా వండాలో చెప్పాలి. గోధుమ తవుడు పట్టించి నిప్పుల మీద కాల్చడం ఒక పద్ధతి, ఉల్లి, టమాటా, మిరపకాయలతో పొయ్యిలో పెట్టే సింగారీ మరొకటి. ఉల్లిపాయను నల్లగా వేయించి ఆ రంగుతో వండిన సయాదియా అన్నం తోడుగా తెప్పించుకోవాలి. రొయ్యలు ఎంచుకునేటప్పుడు కిలో ధరలో వంట కూలి కలిసిందో లేదో అడగాలి. అడగకుండా తెచ్చిపెట్టే సలాడ్లు, తహీనీ (నువ్వుల ముద్ద) బిల్లులో చేరుతాయి. పులుసు, కారం ఆశించకూడదు. ఇంటి నుంచి కారప్పొడి పొట్లం తీసుకువెళ్లడంలో తప్పు లేదు. వీధుల్లో పేరుపొందిన అలెగ్జాండ్రియా కబ్దా అంటే సాధారణంగా గొడ్డు కాలేయం కనుక తినని వారు అడిగి తెలుసుకోవాలి. శాకాహారులకు కుషరీ (అన్నం, పప్పు, పాస్తా కలిపిన వంటకం), ఫూల్ అనే ఉడికించిన బాకలా (ఒక రకం చిక్కుడు) గింజల వంటకం, ఫలాఫిల్ (ఆ గింజల వడలు), పప్పు సూపు ఎక్కడైనా దొరుకుతాయి. మొలోఖియా ఆకుకూరే అయినా చాలా చోట్ల మాంసం రసంతో వండుతారు.

మూడో రోజు ఉదయం బిబ్లియోతెకా అలెగ్జాండ్రినా అనే గ్రంథాలయం చూడాలి. పాత గ్రంథాలయం ఒక్క రోజున తగలబడిందని చెప్పే కథ కన్నా, శతాబ్దాల పాటు ఆదరణ తగ్గి క్షీణించిందన్న మాటే చరిత్రకు దగ్గర. 2002లో తెరచిన కొత్తదానిని నార్వేకు చెందిన స్నోహెట్టా సంస్థ రూపొందించింది. సముద్రం వైపు వాలిన గుండ్రటి కప్పు, వెలుపలి బూడిద రంగు గ్రానైటు గోడ మీద 120 లిపుల అక్షరాలు. లోపల మెట్లు మెట్లుగా దిగే చదువు గదిలో విద్యార్థులు నిజంగానే చదువుకుంటూ ఉంటారు కనుక గొంతు తగ్గించాలి. సంచులు ద్వారం దగ్గర అప్పగించాలి, లోపలి మ్యూజియాలకు వేరే టికెట్టు ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక మన్షియా చౌకు నుంచి నడక మొదలుపెట్టాలి. నేడు చూస్తున్న నగరం చాలావరకు 19వ శతాబ్దపు పత్తి వ్యాపారం కట్టినది. అప్పటి ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ తవ్వించిన మహ్మూదియా కాలువ 1820లో నైలును రేవుతో కలిపాక, అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ధర పెరిగాక, గ్రీకులు, ఇటాలియన్లు, సిరియన్లు, అర్మేనియన్లు, యూదులు ఇక్కడ దుకాణాలు, బడులు, ప్రార్థనాలయాలు పెట్టుకున్నారు. 1882లో బ్రిటిష్ యుద్ధనౌకల ఫిరంగులు ఈ చౌకును ధ్వంసం చేశాయి. 1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ జాతీయీకరణను ప్రకటించింది కూడా ఇక్కడే. ఆ తర్వాతి సంవత్సరాల్లో విదేశీ కుటుంబాల్లో ఎక్కువ భాగం వెళ్లిపోయాయి. వారి భవనాల బాల్కనీలు, తలుపుల మీది అక్షరాలు మిగిలాయి, కనుక ఈ నడకలో తలెత్తి చూడాలి. అక్కడి నుంచి నబీ దానియల్ వీధిలో పాత పుస్తకాల బల్లలు, 2020లో మరమ్మతుల తర్వాత తెరచిన ఎలియాహు హనావీ యూదు ప్రార్థనా మందిరం, దగ్గర్లోనే సెయింట్ మార్క్ కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల) కేథడ్రల్ వస్తాయి. మందిరం దగ్గర భద్రత గట్టిగా ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకుని, లోపలికి వదలకపోతే పట్టుబట్టకుండా ముందుకు సాగాలి. ఆ పరిసరాల్లోనే గ్రీకు కవి కవాఫీ నివసించిన ఇల్లు మ్యూజియంగా ఉంది. ఈ నగరంలోనే 1863లో పుట్టి 1933లో మరణించిన ఆయన, జీతం కోసం సుమారు ముప్పై ఏళ్లు నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేశాడు. నడక చివర రమ్ల్ దగ్గర పాత కాఫీ హోటల్లో కూర్చోవాలి. భారతీయులని తెలిస్తే పక్క బల్లవారు అమితాబ్ బచ్చన్ గురించి అడగడం ఖాయం, ఏదో ఒక సినిమా పేరు సిద్ధంగా ఉంచుకోండి.

కార్నిష్ అనే తీరపు రోడ్డును దాటేటప్పుడు సొరంగ మార్గాలనే వాడాలి, వాహనాలు ఆగుతాయన్న నమ్మకంతో దిగకూడదు. స్త్రీలు ఒంటరిగా తిరిగేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకుంటే అనవసరపు మాటలు తగ్గుతాయి, మన చుడీదారు సరిగ్గా సరిపోతుంది. అడగకుండానే గైడుగా వెంట వచ్చేవారికి మొదట్లోనే "లా, షుక్రన్" (వద్దు, ధన్యవాదాలు) అని చెప్పి నడక ఆపకుండా సాగాలి, సాయం చేసినవారికి చిన్న నోటు ఇవ్వడం అక్కడి మర్యాద. తిరుగు రైలు టికెట్టును చేరిన రోజే కొనిపెట్టుకోవాలి, ఎందుకంటే గురువారం సాయంత్రం, శనివారం రాత్రి వారాంతపు రద్దీతో మంచి తరగతుల్లో చోటు దొరకడం కష్టం. విమానం కైరో నుంచి అయితే, రైలు ఆలస్యానికి అర పూట అదనంగా పెట్టుకుని బయలుదేరాలి.