వార్నిష్ కన్నా ముందు బోటు తరగతి చూసుకోండి

అమెరికాలో పాత చెక్క బోటును ఏసీబీఎస్ (యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ అనే పాత బోట్ల సంఘం) పద్ధతిలో జడ్జింగ్‌కి పెడుతున్నారా? వార్నిష్ డబ్బా తెరవకముందే అది ‘ప్రిజర్వ్‌డ్’ కిందికి వస్తుందో ‘రిస్టోర్డ్’ కిందికి వస్తుందో తేల్చుకోండి. డెక్, పక్క పలకల్లో కనీసం 60 శాతం అసలు చెక్కే ఉంటే ‘ప్రిజర్వ్‌డ్’, లేకపోతే ‘రిస్టోర్డ్’. అడుగుభాగం మార్చినా ఫరవాలేదు. అందుకే బాగున్న పాత పలకను తీసి పారేయకండి, నాకైతే కొత్త మెరుపు కన్నా అదే విలువైనది. తయారైన ఏడాదిని బట్టి కూడా తరగతులుంటాయి: 1919-42 మధ్య తయారైనవి యాంటిక్, 1943-75 మధ్యవి క్లాసిక్.

స్క్రూలు కూడా చూడండి. ప్లస్ గాడి ఉండే ఫిలిప్స్ స్క్రూలు 1930ల్లో వచ్చాయి. 1920ల బోటు మీద అవి కనిపిస్తే జడ్జి కన్ను అక్కడే ఆగుతుంది. ఒంటి గాడి స్క్రూలే బిగించండి. పాత ఫొటోలు, కాగితాలు ఉంటే ఒక ఫైల్లో పెట్టి బోటులోనే ఉంచండి.