గోరింటాకు పెట్టుకునే ముందు అరికాలు చూసుకోండి

నేను బ్రిస్బేన్‌లో ఒక డే సర్జరీ వార్డులో నర్సుని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ముక్కు మీదో, చెవి అంచునో, వీపు మీదో చిన్న ముక్క కోయించుకుని, కట్టుతో సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లే ఎక్కువ. చర్మ కేన్సర్ ఇక్కడ ఇంటింటి మాట. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు నిండేలోగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ కేన్సర్ బయటపడుతుంది. వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన రకం మెలనోమా. అది కాని రకాల కోసమే దేశం మొత్తం మీద ఏటా లక్షకు పైగా ఆస్పత్రి అడ్మిషన్లు జరుగుతాయి. మెలనోమాతో ఏటా వెయ్యి మందికి పైగా చనిపోతారు. ఇంగ్లండ్, ఐర్లండ్ నీరెండకి సరిపోయిన తెల్ల చర్మం క్వీన్స్‌లాండ్ ఎండకి తట్టుకోదు.

మనది ఆ చర్మం కాదు కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లు "మనకి రాదులే" అంటారు. నేనూ అదే అనుకునేదాన్ని.

2019లో మా మావయ్య తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు మా ఇంట్లో ఉన్నాడు. ఎడమ మడమ మీద నల్లటి మచ్చ ఉండేది. ఆనెకాయ అనుకుని దానికి పట్టీలు వేసుకునేవాడు. "అరికాల్లో మచ్చుంటే దేశాలు తిరుగుతావని మా అమ్మ అనేది, చూశావా, సముద్రం దాటించింది" అని నవ్వేవాడు. విమానం దిగిన రోజు ఆ కాళ్లకే దణ్ణం పెట్టాను, కానీ అరికాలు తిప్పి చూడలేదు. ఊరెళ్లిన కొన్నాళ్లకి మచ్చ పగిలి రక్తం వచ్చింది. ముక్క పరీక్షకి పంపేసరికే గజ్జల్లో బిళ్లలు కట్టాయి. 14 నెలలు బతికాడు.

దాన్ని అక్రల్ మెలనోమా అంటారు. అరికాలు, అరచేయి, గోరు కింద వస్తుంది. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. తెల్లవాళ్లలో మెలనోమా ఎక్కువగా ఎండ తగిలే చోట పుడుతుంది, మన రంగువాళ్లకి వస్తే ఎక్కువగా ఈ మరుగు చోట్లే. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. 1977లో బయటపడింది, 1981 మేలో 36 ఏళ్లకే పోయాడు. మందం 1 మిల్లీమీటరు దాటకముందే దొరికితే కోసి తీసేయడంతోనే చాలామందికి నయమైపోతుంది. మనవాళ్లు చనిపోయేది ఆలస్యంగా దొరకడం వల్ల. అందుకే సన్‌స్క్రీన్ కంటే ముందు పాదాల గురించి చెబుతున్నాను.

నెలకొకసారి చూసుకోండి. తలంటు పోసుకునే ఆదివారం అయితే మర్చిపోరు. కాళ్లు బాగా రుద్ది కడిగి, తుడుచుకుని, పగటి వెలుగులో కిటికీ పక్కన కూర్చోండి. ఒక చేతిఅద్దం, ఫోను, చిన్న స్కేలు చాలు. గోళ్లరంగు తీసేయండి, మెట్టెలు పక్కకి జరపండి. గోరింటాకు, పారాణి పెట్టుకున్నాక అరికాలు చూడటం దండగ, ఆ ఎరుపులో ఏమీ కనపడదు. గోళ్ల మీది ఎరుపైతే గోరు పెరిగిపోయేదాకా, అంటే నెలల తరబడి ఉంటుంది. కాబట్టి ఆషాఢంలో ఆకు రుబ్బేముందే ఈ పని అయిపోవాలి.

మడమతో మొదలుపెట్టి, పాదం అంచులు, వేళ్ల సందులు, ఆ తర్వాత గోళ్లు చూడండి. మోకాళ్లు వంగని పెద్దవాళ్లకి ఇంకొకరు చూసిపెట్టాలి. ఆ పైన అరచేతులు. మచ్చ సగానికి సగం పోలిక లేకుండా ఉందా, అంచులు సిరా ఒలికినట్టు పాకాయా, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, బూడిద, ఎరుపు కలిసి ఉన్నాయా, 6 మిల్లీమీటర్లు దాటిందా? వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, పోయిన నెలకీ ఈ నెలకీ మారిందా అన్నది. జ్ఞాపకాన్ని నమ్మొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, తేదీ రాసిపెట్టుకోండి. ఇంకొక రకం ఉంది, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు: చిన్న బుడిపెలా ఉబ్బి, నొక్కితే గట్టిగా తగులుతూ, నెల రోజులుగా పెరుగుతూ ఉంటే ఏ రంగైనా సరే వెంటనే చూపించండి. నెలలు గడిచినా మానని ఆనెకాయ, మానని పుండు కూడా అంతే.

గోళ్ల దగ్గర చాలామంది అనవసరంగా హడలిపోతారు. మన రంగువాళ్లకి చాలా గోళ్ల మీద సన్నటి గోధుమరంగు గీతలు ఉండటం మామూలే. ఒక్క గోటి మీదే గీత పుట్టి, వెడల్పవుతూ, ముదురుతూ, గోటి మొదట్లో ఉన్న చర్మంలోకి నలుపు పాకితే మాత్రం ఆగొద్దు. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిన నలుపైతే గోరుతో పాటే ముందుకి జరుగుతుంది, వెనక తెల్లటి గోరు వస్తుంది. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలికి ఏడాది నుంచి ఏడాదిన్నర. నెల తర్వాత ఫోటోతో పోల్చి చూస్తే జరిగిందో లేదో తెలుస్తుంది.

మెలనోమా కాని ఇంకొక రకం పాత కాలిన మచ్చల మీద వస్తుంది. చిన్నప్పుడు పొయ్యి దగ్గరో, వేడినీళ్లతోనో కాలిన చోట ఎన్నో ఏళ్ల తర్వాత పుండు పడి మానకపోతే అనుమానించాలి. అమ్మల విషయంలో నడుము కూడా చూడాలి. లంగా బొందు ఏళ్ల తరబడి ఒకేచోట బిగించి కట్టడం వల్ల చర్మం ఒరుసుకుపోయి, నల్లబడి, అరుదుగా అక్కడే కేన్సర్ పుట్టిన సంగతులు మన దేశంలో డాక్టర్లు రాశారు. చీర కేన్సర్ అని పేరే పెట్టారు. బొందు వదులు చేసుకోమని, పట్టీ వెడల్పుగా ఉన్న లంగా కట్టుకోమని చెప్పండి. సిగ్గుపడి చెప్పరు, మనమే అడగాలి.

మచ్చకి సున్నం, సోడా పెట్టి కాల్చడం, పులిపిరికి వెంట్రుక కట్టి తెంపడం దయచేసి చేయొద్దు. పైది ఊడిపోతుంది, లోపలిది ఉండిపోతుంది, డాక్టరుకి చూడటానికి ఆనవాలు మిగలదు. "కత్తి పెడితే పాకుతుంది" అన్న మాట ఒట్టిది. ముక్క తీసి చూడటం వల్ల కేన్సర్ పాకదు. మత్తు సూది ఒక్కటే చురుక్కుమంటుంది, తర్వాత కొద్ది నిమిషాల పని.

ఇక్కడి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు లాంగ్ అపాయింట్‌మెంట్ అడగండి. "ఫుల్ స్కిన్ చెక్" అని చెప్పి, బూట్లు, సాక్సులు మీరే విప్పేయండి. అడిగేదాకా ఆగితే చాలాసార్లు అడగరు. మచ్చని పెద్దది చేసి చూపించే డెర్మటోస్కోపుతో చూడమనండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్ ఉండదు, ఆ ఖర్చు చూసుకుని "ఊరెళ్లాక చూపిద్దాం" అని మేమూ అనుకుని ఉండేవాళ్లమేమో. కనీసం ఫోటోలు తీసి, వాళ్లు ఊళ్లో దిగిన వారంలోనే స్కిన్ డాక్టరు దగ్గరికి పంపండి. అనుమానం తేలితే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ దగ్గర హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉన్నాయి.

ఇక ఎండ. వేడి వేరు, యూవీ వేరు. యూవీ అంటే ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు, వాటి తీవ్రతని చెప్పే అంకె యూవీ ఇండెక్స్. రెంటచింతల వేడి చూసినవాళ్లకి బ్రిస్బేన్ జూలై చల్లగా హాయిగా ఉంటుంది, అయినా మధ్యాహ్నం యూవీ ఇండెక్స్ 3 దాటుతుంది. వేసవిలో 11 పైమాటే. 3 దాటితే టోపీ, నీడ, పొడుగు చేతుల చొక్కా. స్కూళ్లలో టోపీ లేని పిల్లల్ని ఆటకి వదలరు, ఇంట్లోనూ అదే పెట్టండి. ముదురు చామనఛాయ, నలుపు ఉన్నవాళ్లు ఆఫీసుకి వెళ్లొచ్చే ఎండకి రోజూ సన్‌స్క్రీన్ పూయక్కర్లేదు, వాళ్లకి విటమిన్ డి కోసం ఎండే ఎక్కువ కావాలి. రోజంతా క్రికెట్ గ్రౌండులో, బీచిలో ఉంటే మాత్రం పూయాలి. రంగు తేలికైన పిల్లలు, బొల్లి మచ్చలున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయి మందులు వాడేవాళ్లు ఎప్పుడూ జాగ్రత్తగా ఉండాలి. మార్పిడి అయినవాళ్లకి చర్మ కేన్సర్ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ అని రాసి ఉన్న సన్‌స్క్రీన్, బయల్దేరే 20 నిమిషాల ముందు, ఒళ్లంతటికీ ఏడు టీస్పూన్లు, రెండు గంటలకోసారి మళ్లీ. ఆరు నెలల లోపు పసివాళ్లని నీడలోనే ఉంచండి.

అత్తయ్య తెనాలిలోనే ఉంటుంది. ప్రతినెలా మొదటి ఆదివారం వీడియో కాల్ చేస్తాను, పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకుంటుంది. మొదట్లో "నా కాళ్లు నీకు చూపించడమేంటే" అనేది. ఇప్పుడు నేను అడక్కముందే కడుక్కుని కూర్చుంటుంది. ఈ నెల కుడి పాదం చిటికెనవేలి కింద గోధుమరంగు చుక్క కనపడింది, 3 మిల్లీమీటర్లు. గుంటూరులో స్కిన్ డాక్టరు దగ్గరికి గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. గోరింటాకు శుక్రవారం పెట్టుకుంటుందట.