వీడియో కెమెరా నేర్చుకుందాం – 3వ పాఠం: గోదావరి గట్టున మొదటి ఉదయం

పోయిన పాఠంలో బ్యాటరీ నిండా ఛార్జి చేశాం, కార్డు ఫార్మాట్ చేశాం, తేదీ, టైము సరిచేశాం. ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని కొన్ని ముక్కలు తీశారు. ఇవాళ కెమెరాని బయటికి తీసుకెళ్దాం. నేను వెళ్ళేది రాజమండ్రి పుష్కర ఘాట్‌కి. మీది చెరువుగట్టైనా, వారపు సంతైనా పాఠం ఇదే. సూర్యుడు ఎటున్నాడో మాత్రం మీ చోట మీరు చూసుకోవాలి.

నిజానికి మొదట చూడాల్సింది అదే. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, అవతలి గట్టున కొవ్వూరు. పొద్దున్నే ఘాట్ మెట్ల మీద నది వైపు తిరిగి నిలబడితే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. నీళ్ళ మీదా, పడవల మీదా, కమానుల వంతెన మీదా ఎండ నేరుగా పడుతుంది. అప్పుడు కెమెరాని ఆటో మోడ్‌లో, అంటే అన్నీ అదే సరిచూసుకునే పద్ధతిలో, వదిలేసినా రంగులు బాగా వస్తాయి. సాయంత్రం అదే మెట్టు మీద నిలబడితే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతూ లెన్స్‌కి ఎదురుగా వస్తాడు. పడవ నల్లటి ఆకారంగా మారుతుంది, మనుషుల ముఖాలు పోతాయి. అందులోనూ ఒక అందం ఉంది, కానీ దాన్ని పట్టుకోవడానికి ఇంకొంత చేయి తిరగాలి. అందుకని మొదటిసారి పొద్దున్న ఆరున్నరకి వెళ్ళి, ఎనిమిదిన్నరకల్లా ముగించండి. ఎండ నడినెత్తికెక్కితే కళ్ళ కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. ఏ మీట నొక్కినా అవి పోవు.

ఏసీ గదిలో పడుకున్న కెమెరాని ఉక్కపోతలోకి తేగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తియ్యకుండా ఓ గంట బయటి గాలికి అలవాటు పడనివ్వండి. ఇంట్లో వైట్ బ్యాలెన్స్‌కి (వెలుతురుని బట్టి రంగులు సరిచేసే అమరికకి) బల్బు బొమ్మ పెట్టుకున్నవాళ్ళు దాన్ని మళ్ళీ ఆటోకి మార్చండి. మార్చకపోతే నదీ, మనుషులూ అన్నీ నీలంగా వస్తాయి. డిజిటల్ జూమ్ ఆపెయ్యండి. అది దగ్గరికేమీ తీసుకురాదు, ఉన్న బొమ్మనే సాగదీస్తుంది.

ఇక నిలబడటం. చేతి పట్టీ బిగుతుగా ఉండాలి. కాళ్ళు భుజాలంత ఎడంగా, మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనించి, ఎడమ చెయ్యి తెర కింద. స్టాండు ఉంటే మంచిదే, కానీ మొదటిరోజు చేత్తోనే తియ్యమంటాను. ఘాట్‌లో స్తంభమో గోడో ఉంటే భుజం ఆనించండి. మీట నొక్కాక తెర మీద ఎర్రచుక్క వచ్చిందో లేదో చూడండి. ఆగిపోయిందనుకుని తీస్తూ ఉండటం, తీస్తున్నామనుకుని ఊరికే నిలబడటం కొత్తలో అందరికీ జరుగుతుంది.

ఎర్రచుక్క వచ్చాక మనసులో పది లెక్కపెట్టండి. ఆ పదీ అయ్యేదాకా కెమెరా కదలకూడదు. ఈ పాఠంలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో చెప్పాలి. 2003 పుష్కరాలప్పుడు మా ఇంట్లోకి కొత్తగా మినీ డీవీ కెమెరా, అంటే చిన్న టేపు మీద రికార్డు చేసేది, వచ్చింది. మా మామ్మ దొప్పలో దీపం వెలిగించి గోదావరిలో వదులుతుంటే తీశాను. గంట టేపులో ఆవిడ ముఖం ఉన్నది రెండు సెకన్లు. వెంటనే కెమెరాని జనం మీదికి తిప్పాను, అక్కణ్ణుంచి వంతెన మీదికి జూమ్ చేశాను, మళ్ళీ వెనక్కి వచ్చేసరికి దీపం వెళ్ళిపోయింది. ఆవిడ ఏదో చెబుతోంది, గాలి హోరులో ఒక్క మాటా వినపడదు. మామ్మ ఇప్పుడు లేదు. ఆ రెండు సెకన్లూ ఆపి ఆపి చూసుకుంటాం. పది సెకన్లు కదలకుండా నిలబడి ఉంటే మాకు ఎంత మిగిలేదో!

కదలిక కెమెరాది కాదు, ఎదుటి వస్తువుది అయ్యుండాలి. అది అలవాటు కావడానికి రాజమండ్రిలో రెండు మంచి వస్తువులున్నాయి. 1997లో రైళ్ళు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన కదలదు. దాని ముందు పడవ ఒక పక్కనుంచి ఫ్రేములోకి వచ్చి రెండో పక్కకి వెళ్ళేదాకా కెమెరా పట్టుకుని ఉండండి. కమానుల వంతెన మీద రైలు కోసం ఎదురుచూడండి. పొడవు రెండున్నర కిలోమీటర్ల పైమాటే, కాబట్టి రైలు దాటడానికి కావలసినంత సమయం ఉంటుంది. ఇంజను రాకముందే మీట నొక్కండి, చివరి పెట్టె వెళ్ళాక మూడు సెకన్లు ఆగి ఆపండి. ముందూ వెనకా మిగిలిన ఆ ఖాళీయే తర్వాత ఎడిటింగ్‌లో కత్తిరించుకోవడానికి పనికొస్తుంది.

కెమెరా తిప్పాలనే అనిపిస్తే ఒక పద్ధతి ఉంది. ఎక్కడ ఆగాలో అటు వైపు పాదాలు పెట్టి నిలబడండి. నడుము పైభాగం మాత్రం మొదలుపెట్టాల్సిన వైపుకి మెలితిప్పి, అక్కడ మూడు సెకన్లు ఆగి, మెల్లగా విప్పుకుంటూ రండి. శరీరం సడలుతూ వస్తుంది కాబట్టి చివర్లో చెయ్యి వణకదు. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు, అందుకే షాటు చివర కుదుపు వస్తుంది.

జూమ్ మీట మీద వేలు పెట్టకండి. అవతలి గట్టుని లాక్కొచ్చి చూపాలని ఆశగా ఉంటుంది, కానీ జూమ్ పెరిగేకొద్దీ చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. లెన్స్‌ని పూర్తి వెడల్పులో పెట్టి మీరే నాలుగడుగులు ముందుకి నడవండి. దగ్గరికెళ్తే మాటలు కూడా బాగా వినిపిస్తాయి. కెమెరాలోని మైకు మనిషికి ఓ మీటరు, మీటరున్నర దూరంలో ఉన్నప్పుడే గొంతు తేటగా పడుతుంది. గట్టు మీద గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, అటు వీపు పెట్టి మీ ఒంటినే అడ్డు పెట్టండి. మెనూలో గాలి శబ్దం తగ్గించే మీట ఉంటే వెయ్యండి. వేళ్ళు మైకు రంధ్రాల మీద పడకుండా చూసుకోండి.

మెరిసే నీళ్ళ ముందు మనిషిని నిలబెడితే కెమెరా మోసపోతుంది. వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. తెర మీద ముఖాన్ని తాకి వెలుతురు సరిచేసే వీలు చాలా కెమెరాల్లో ఉంటుంది. లేకపోతే ఎక్స్‌పోజర్‌ని, అంటే బొమ్మలో పడే వెలుతురుని, ఒకటి రెండు గీతలు పెంచండి. అంతకన్నా తేలిక, మనిషిని రెండడుగులు పక్కకి జరిపి వెనకాల మెట్లు వచ్చేలా చూడటం. ఎండలో తెర సరిగా కనిపించదు కాబట్టి అరచేయి అడ్డుపెట్టి చూడండి. తెర వెలుగు పెంచుకున్నంత మాత్రాన బొమ్మ వెలుగు పెరగదని మాత్రం మరిచిపోవద్దు. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే గొట్టం) ఉన్నవాళ్ళు దాని కంటిభాగం సూర్యుడి వైపు ఉండేలా కెమెరాని గోడ మీద పెట్టకండి, లోపలి తెర కాలిపోతుంది.

ఘాట్‌లో స్నానాలు చేస్తున్నవాళ్ళని తియ్యకండి. పూలమ్మే ఆవిడనో, పడవ కట్టే ఆయన్నో ముందు పలకరించి, తీసుకోనా అమ్మా, తీసుకోనా బాబాయ్ అని అడగండి. వద్దంటే కెమెరా దించెయ్యండి. సరేనన్నవాళ్ళని వెంటనే తియ్యకండి, కాసేపు మాట్లాడండి. కెమెరా ఉందన్న సంగతి మరిచిపోయి వాళ్ళు పనిలో పడ్డాకే అసలు ముఖం బయటికొస్తుంది.

ఈ వారం పని ఇది. ఒకే మనిషి, ఒకే పని, అయిదు షాట్లు: దూరం నుంచి మొత్తం చోటు, మనిషి నడుము దాకా, చేతులు, ముఖం, ఆ మనిషి భుజం వెనకనుంచి కనిపించేది. ఒక్కొక్కటి పది సెకన్లు. మొత్తం నిమిషం లోపే. ఇంటికి రాగానే టీవీకి తగిలించి చూడండి, ఏ షాటులో చెయ్యి కదిలిందో కాగితం మీద రాసుకోండి, వేటినీ చెరపకండి. వచ్చే పాఠంలో ఆ అయిదింటినీ వరసగా అతికిద్దాం.