పోర్షె 944 టైమింగ్ బెల్ట్: ఇప్పుడే మార్చాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?

సెకండ్ హ్యాండ్ 944 చూడ్డానికి వెళ్లినవాళ్ల చూపు ముందు ఓడోమీటర్ మీద పడుతుంది. ఈ కారులో నమ్మకూడనిది సరిగ్గా దాన్నే. లోపలుండే చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి విరిగిపోతుంది. స్పీడు ముల్లు మామూలుగానే తిరుగుతుంటుంది, మైళ్ల అంకెలు మాత్రం ఆగిపోతాయి. అందుకే "బెల్ట్ మార్చాక పదివేల మైళ్లు కూడా తిరగలేదండీ" అన్న మాటకు విలువ లేదు. తేదీ, వేసిన పార్టుల పేర్లు ఉన్న బిల్లు అడగండి. బిల్లు లేకపోతే బెల్ట్ ఎప్పుడూ మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు బేరంలో తగ్గించుకుని, కారు ఇంటికి నడుపుకుంటూ కాకుండా ట్రక్కు మీద తెచ్చుకోండి.

ఇంత జాగ్రత్త దేనికంటే, 1982 నుంచి 1991 వరకు వచ్చిన ఈ కారు నాలుగు సిలిండర్ల ఇంజన్లో పిస్టన్లు, వాల్వులు ఒకే జాగాలో వంతులవారీగా కదులుతాయి. ఆ వంతు తప్పకుండా చూసేది టైమింగ్ బెల్టే. అది తెగినా, కొన్ని పళ్లు జారినా, పైకొచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్దేస్తుంది. వాల్వులు వంగితే అవి ఉండే ఇంజన్ పై భాగాన్ని, అంటే హెడ్ దించక తప్పదు. ఆ ఖర్చు చాలాసార్లు కారు విలువనే మించిపోతుంది. మొదటి తరం మాజ్డా మియాటా 1.6 ఇంజన్లో అయితే బెల్ట్ తెగినా కారు ఆగిపోతుందంతే, వాల్వులకు ఏమీ కాదు. 944కి ఆ వెసులుబాటు లేదు. ఇదే కుటుంబానికి చెందిన 924ఎస్, 968లకూ లేదు.

ఇందులో ఉన్నవి రెండు బెల్టులు. లోపలిది వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌నూ వాటర్ పంపునూ తిప్పుతుంది. దాని ముందున్నది రెండువైపులా పళ్లున్న బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్ట్, ఇంజన్ వణుకును తగ్గించే షాఫ్టులను తిప్పేది. ఈ ముందు బెల్ట్ తెగితే ఇంజన్ కాస్త ఒణుకుతుందిలే అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. తెగిన ముక్క పక్కనే తిరుగుతున్న టైమింగ్ బెల్టులో ఇరుక్కుంటే కథ అదే హెడ్ దాకా వెళ్తుంది. కాబట్టి మార్చినప్పుడు రెండూ కలిపే మార్చాలి.

కంపెనీ చెప్పిన గడువు 45,000 మైళ్లు, అంటే సుమారు 72,000 కిలోమీటర్లు. ఈ కార్లను రోజూ చూసే మెకానిక్‌లు చాలామంది అంతదాకా ఆగరు. 30,000 మైళ్లు లేదా నాలుగేళ్లు, ఏది ముందైతే అప్పుడు మార్చేస్తారు. ఈ కార్లు ఇప్పుడు ఏడాదికి రెండు మూడు వేల మైళ్లు తిరిగితే గొప్ప. కాబట్టి నిజానికి పనిచేసేది నాలుగేళ్ల లెక్కే. షెడ్డులో కదలకుండా పడి ఉన్న కారైనా రబ్బరు వయసు ఆగదు. పైగా పుల్లీల దగ్గర బెల్ట్ ఏళ్ల తరబడి ఒకేచోట వంగి ఉండిపోతుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో ఎవరైనా టెక్సస్, అరిజోనా ఎండల్లో బయట పెట్టే కారు కొంటుంటే నాలుగేళ్లను మూడేళ్లు అనుకోవడం మేలు.

గడువు మిగిలి ఉన్నా వెంటనే మార్చాల్సిన సందర్భాలున్నాయి. ముందువైపు బెల్ట్ కవరు విప్పి టార్చి వేసి చూడండి. బెల్ట్ మీద, పుల్లీల చుట్టూ నల్లటి నూనె జిడ్డు కనిపిస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్), క్యామ్, బ్యాలెన్స్ షాఫ్టుల చుట్టూ నూనె ఆపే సీళ్లలో ఏదో ఒకటి కారుతోందన్నమాట. నూనె తాగిన రబ్బరు మెత్తబడి పళ్లు ఊడతాయి. బెల్ట్ తుడిచి మళ్లీ వాడటం కుదరదు. ముందు సీల్ మార్చి, తర్వాత కొత్త బెల్ట్ వేయాలి. వాటర్ పంపు కింద కూలెంట్ ఎండిన మరక కనిపించినా ఇదే మాట. పళ్ల మొదట్లో చీలికలు, అంచుల్లో దారాలు లేవడం కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు. అయితే చూడ్డానికి కొత్తగా ఉన్నంత మాత్రాన బెల్ట్ బాగున్నట్టు కాదు. లోపలి నారలు అలసిపోయినా పైకి ఏమీ తెలియదు.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. కొత్త బెల్ట్ మొదటి కొన్ని వందల మైళ్లలో సాగుతుంది. 2,000 మైళ్లకు మళ్లీ బిగువు సరిచేయాలి. బిల్లులో బెల్ట్ మార్చినట్టుండి, రెండోసారి బిగించినట్టు లేకపోతే ఆ పని సగమే అయినట్టు. 1987 ప్రాంతం నుంచి బెల్ట్ బిగువు పెట్టే స్ప్రింగ్ టెన్షనర్ వచ్చింది కదా, అదే చూసుకుంటుంది అనుకోవద్దు. ఆ స్ప్రింగ్ బిగించే సమయంలోనే పనిచేస్తుంది. నట్లు బిగించేశాక దానికి కదిలే వీలు లేదు.

బిగువు ఎప్పుడూ ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. అల్యూమినియం బ్లాకు వేడికి వ్యాకోచించి బెల్ట్‌ను లాగుతుంది, అప్పుడు కొలిస్తే వదులు బెల్ట్ కూడా బిగువుగా కనిపిస్తుంది. పోర్షె పి9201 కొలత పరికరం మీద కొత్త టైమింగ్ బెల్ట్‌కు 4.0, వాడిన దానికి 2.7, బ్యాలెన్స్ బెల్ట్‌కు 2.7 రావాలి, 0.3 అటూ ఇటూ ఫరవాలేదు. రెండు వేళ్లతో బెల్ట్‌ను పావు వంతు మెలితిప్పి చూడటం ఉజ్జాయింపు మాత్రమే. మరీ బిగిస్తే సన్నగా ఈల వేసినట్టు శబ్దం వస్తుంది, వాటర్ పంపు బేరింగు త్వరగా పోతుంది. వదులైతే పన్ను జారుతుంది.

విప్పినప్పుడు బెల్టులతో పాటు టెన్షనర్ రోలర్, ఐడ్లర్ రోలర్లు, ముందువైపు సీళ్లన్నీ మార్చేయండి. వాటర్ పంపు, థర్మోస్టాట్ వయసు తెలియకపోతే అవి కూడా. రోలర్‌ను చేత్తో తిప్పితే గరగర అనకూడదు, గ్రీజు లేకుండా సులువుగా గిరగిర తిరిగిపోకూడదు. క్రాంక్ బోల్టు బిగించాల్సింది 210 న్యూటన్ మీటర్లకు, ఫ్లైవీల్‌ను లాక్ చేయకుండా అది వదలదు. ఇంజన్‌ను క్రాంక్ బోల్టుతోనే, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. క్యామ్ గేరు పట్టుకుని తిప్పొద్దు. ఫ్లైవీల్ మీది ఓటీ గుర్తు (మొదటి పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చూపేది), క్యామ్ గేరు గుర్తు రెండూ కలిశాక బెల్ట్ ఎక్కించి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ చూడండి. మధ్యలో గట్టిగా అడ్డుపడితే బలం పెట్టకుండా అక్కడే ఆగి గుర్తులు సరిచూసుకోండి. బ్యాలెన్స్ షాఫ్టుల గుర్తులు తప్పితే వాల్వులు వంగవు కానీ స్టీరింగ్ దాకా వణుకు తెలుస్తుంది.

నడుస్తుండగా బెల్ట్ తెగిపోతే మళ్లీ స్టార్టర్ నొక్కొద్దు. ముందు గుర్తులు సరిచేసి, తాత్కాలికంగా బెల్ట్ ఎక్కించి, సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ చేయిస్తే ఎన్ని సిలిండర్లలో వాల్వులు వంగాయో తెలుస్తుంది.

పదహారు వాల్వుల 944ఎస్, ఎస్2, 968 ఉన్నవాళ్లకు ఇంకో పని ఉంది. బెల్ట్ ఒక క్యామ్‌ను తిప్పితే, దాన్నుంచి రెండో క్యామ్‌ను ఒక చిన్న చైన్ తిప్పుతుంది. ఆ చైన్ టెన్షనర్ మీది ప్లాస్టిక్ ప్యాడ్లు ఏళ్లకు గోధుమ రంగుకు తిరిగి, గాడి పడి, విరుగుతాయి. అవి విరిగితే చైన్ తెగి, క్యామ్ పళ్లు పోయి, వాల్వులు వంగుతాయి. బెల్ట్ కొత్తదైనా అప్పుడు చేసేదేం ఉండదు. అందుకే బెల్ట్ పని చేయించే రోజే క్యామ్ కవరు కూడా విప్పించి ప్యాడ్లు చూడమనండి.