చిన్న సీఎన్‌సీ మీద అల్యూమినియం తెలుగు అక్షరాలు కోయడం

గుమ్మం పక్కన పెట్టుకునే పేరు పలక కోసం, కంప్యూటర్ నడిపే చిన్న సీఎన్‌సీ కోత మిషను మీద 3 మి.మీ. అల్యూమినియం రేకులోంచి "హరి నివాసం" అన్న అక్షరాలు విడివిడిగా కోయాలి, ఎత్తు 60 మి.మీ. అనుకుందాం. చెక్క, యాక్రిలిక్ కోసి చేయి తిరిగినవాళ్లు కూడా మొదటి రేకు దగ్గర రెండు మూడు బిట్లు (తిరుగుతూ కోసే సన్నని పనిముట్లు) విరగ్గొట్టుకుంటారు. రేకు మరీ గట్టిదని కాదు. వేడెక్కితే అల్యూమినియం మెత్తబడి, బిట్టు ఒంటి మీద తురుము పైకి రావడానికి ఉండే గాడిలో అతుక్కుపోతుంది. గాడి పూడాక బిట్టుకు కోసే అంచు ఉండదు, మిషనేమో తోస్తూనే ఉంటుంది, టక్కున విరుగుతుంది. కింద ఇచ్చిన అంకెలన్నీ తురుము గాడిలో ఆగకుండా బయటికి రావడానికే.

రేకు దగ్గరే సగం పని తేలిపోతుంది. కొట్లో ఉత్తినే "అల్యూమినియం షీటు" అని అడిగితే వంగే మెత్తని రేకు ఇస్తారు. అది జిగురులా సాగుతుంది. 6061-టి6 లేదా 6082 అని గ్రేడు చెప్పి అడగండి. సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి బజార్లలో 6082ని హెచ్‌ఈ 30 అనే పిలుస్తారు. 5052 రేకుతోనూ పని నడుస్తుంది, కాకపోతే అంచులకు బుర్ర్ (కోత దగ్గర లేచే గరుకు పొర) ఎక్కువ లేస్తుంది.

బిట్టు 2 మి.మీ. సింగిల్ ఫ్లూట్ (ఒకే గాడి, ఒకే కోసే పన్ను ఉన్న) కార్బైడ్, కోసే పొడవు 6 నుంచి 8 మి.మీ. చాలు. కొలెట్ (బిట్టును పట్టి ఉంచే బిగింపు) బయటికి రెట్టింపు పొడవు ఉంచితే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి వీలైనంత లోపలికి బిగించండి. పూత లేని నునుపు బిట్టు మంచిది. టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత ఉన్నవి స్టీలుకు బాగుంటాయి గానీ, ఆ పూతలోనే అల్యూమినియం ఉంది, రేకు దానికి తేలిగ్గా అంటుకుంటుంది.

ట్రిమ్ రౌటర్ (చెక్క అంచులు చెక్కే చిన్న చేతి మిషను) బిగించిన బెల్టు మిషను మీద 18,000 ఆర్‌పీఎం, ఒక పన్ను, పన్నుకు 0.02 మి.మీ. తురుము. మూడూ గుణిస్తే నిమిషానికి 360 మి.మీ. ఫీడు, అంటే బిట్టు ముందుకు జరిగే వేగం, వస్తుంది. ఒక్కో పాసుకు (దారి వెంట ఒకసారి తిరిగి రావడానికి) లోతు 0.2 మి.మీ. 775 అనే చిన్న డీసీ మోటారుతో వచ్చే 3018 రకం బుల్లి మిషనైతే లోతు 0.1కి దించి, ఫీడు నిమిషానికి 150 నుంచి 200 మధ్య ఉంచండి. ఈ లోహం దగ్గర భయపడి ఫీడు మరీ తగ్గించడమే అసలు తప్పు. పన్ను కోయడం మానేసి రాసుకుంటుంది, రాపిడికి వేడి, వేడికి అతుకు. తురుము వేళ్ల మధ్య నలిపి చూడండి. బొంబాయి రవ్వలా గరగరలాడితే సరిగ్గా ఉన్నట్టు, మైదాలా మెత్తగా ఉంటే ఫీడు పెంచాలి, లేదా ఆర్‌పీఎం తగ్గించాలి.

డిజైన్‌లో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్టును పాత్‌గా (గీతల ఆకారంగా) మార్చాక యూనియన్ చేయకపోతే, అంటే ముక్కల్ని ఒకే ఆకారంగా కలపకపోతే, గుడో ఒత్తో అక్షరంతో కలిసే చోట రెండు గీతలు ఒకదానిమీదొకటి పడి, అక్షరం మధ్యలోంచే కోత వెళ్లిపోతుంది. ఇక హ, స, ప, ష లాంటి వాటికి చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటికి అంటదు, విడి ముక్కగా వస్తుంది. సున్నా ఎలాగూ విడిదే. సన్నని వంతెన గీసి కలిపేద్దామని అనిపిస్తుంది గానీ, పకు తలకట్టు కలిపితే వ అయి కూర్చుంటుంది. ముక్కల్ని విడిగానే కోసి, అదే డ్రాయింగును కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, దాన్ని పలక మీద అంటించి చూసుకుంటూ అతికించడం మేలు. గీత మందం 5 మి.మీ.కు తగ్గని లావు ఫాంటు ఎంచుకోండి. లావు ఫాంట్లలో లోపలి సందులు మూసుకుపోతాయి, కాబట్టి ప్రతి సందూ కొలవండి. 2 మి.మీ. బిట్టు పట్టాలంటే కనీసం 2.5 ఉండాలి. లోపలి మూలలన్నీ 1 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రబడతాయి. మన లిపికి అది పెద్ద లోటేం కాదు.

డ్రాయింగును మిషను నడిచే దారిగా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో బిట్టును నిట్టనిలువునా దించకుండా 2, 3 డిగ్రీల ర్యాంపుతో, అంటే వాలుగా, దించాలి. 2 మి.మీ. వెడల్పు కాలవ 3 మి.మీ. లోతుకు దిగేసరికి తురుము పైకి రాదు. అందుకని వ్యర్థం వైపు 0.6 మి.మీ. జరిపి రెండో దారి కూడా ఇచ్చి కాలవను వెడల్పు చేయండి. అక్షరం అంచున 0.1 మి.మీ. మిగిల్చి, చివర్లో పూర్తి లోతున ఒక్క ఫినిషింగ్ పాసు క్లైంబ్ దిశలో (తురుము మందంగా మొదలై పలచబడే దిశలో) ఇస్తే పాసుల మెట్లు కనబడవు. లోపలి రంధ్రాలు ముందు, బయటి అంచు తర్వాత.

రేకు పట్టి ఉంచడానికి మాస్కింగ్ టేపు, ఫెవిక్విక్ చాలు. రేకు వెనక ఒక పొర టేపు, ఎండీఎఫ్ బల్ల మీద ఇంకో పొర, ఆ రెండు టేపుల మధ్య జిగురు. రేకు వెనక స్పిరిట్‌తో తుడవకపోతే నూనెకు టేపు లేచిపోతుంది. పట్టు రేకంతటా ఉంటుంది గనక సున్నా మధ్య బిళ్ల కూడా ఎగరదు, ట్యాబులు (ముక్క కదలకుండా కోయక వదిలే చిన్న వంతెనలు) అక్కర్లేదు. మందాన్ని వెర్నియర్‌తో కొలిచి దానికి 0.15 కలిపి లోతు పెట్టండి. కోత టేపులోనే ఆగుతుంది.

కోస్తున్నంతసేపూ గాలి ఊదుతూ తురుమును తోసేయాలి. చిన్న కంప్రెసర్ లేకపోతే అక్వేరియం పంపు, సన్నని గొట్టం పెట్టినా ఎంతో కొంత నయం. రెండు మూడు నిమిషాలకోసారి బ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేయండి, మడుగు కట్టనివ్వొద్దు. రౌటర్ బ్రష్షుల నిప్పురవ్వకు అది అంటుకుంటుంది. లేతు షాపుల్లో వాడే కిరసనాయిలు కోతకు బాగానే పనిచేస్తుంది గానీ టేపు జిగురును కరిగించేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం తిరిగే బిట్టు దగ్గర వద్దు.

ఒక్కో అక్షరం చుట్టుకొలత 350 మి.మీ. అనుకుంటే పాసుకు నిమిషం, 16 పాసులు. రెండో దారి కలిపితే అరగంట దాటుతుంది. వదిలేసి టీకి వెళ్లొద్దు. గరగరమనే కోత శబ్దం కీచుమని మారిందంటే గాడిలో లోహం చేరినట్టే. వెంటనే ఆపి బిట్టు తీసి చూడండి. అతుక్కున్న లోహాన్ని ఇత్తడి బ్రష్షుతోనో చెక్కపుల్లతోనో తీయాలి, కత్తితో గీకితే అంచు పోతుంది. అదే కోత దగ్గర మళ్లీ మొదలుపెట్టే ముందు కాలవలోని తురుమంతా ఊదేయండి.

మిషను లోపాలు సున్నాలో బయటపడతాయి. గుండ్రంగా రావాల్సింది నాలుగు వైపులా చదునుగానో చిన్న మెట్టుతోనో వస్తే బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు మిషనులో వచ్చే వదులు) ఉన్నట్టు. బెల్టు బిగువు, నట్టు, చక్రాలు చూడండి. గీతంతా అలలు అలలుగా ఉంటే రౌటర్ మౌంటు వదులైందో, బిట్టు బయటికి ఎక్కువ ఉందో.

కోత అయ్యాక హెయిర్ డ్రైయర్‌తో వేడి చేస్తే జిగురు పట్టు వదులుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే సన్నని తలకట్టు వంగిపోతుంది. అంచుల బుర్ర్‌ను సన్నని ఆకురాయితో తీసి, 240, 400, 600 ఎమరీ కాగితాలు నీళ్లతో తడిపి, ఒకే దిశలో రుద్దండి. దిశ మారితే గీతలు వెలుగులో అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ చేత్తో తాకకుండా స్పిరిట్‌తో తుడిచి, క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) రెండు పలుచని కోట్లు వేయండి. విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపు గాలి ఉన్నచోట లాకర్ కన్నా ఆనోడైజింగ్ (కరెంటుతో లోహం మీద గట్టి ఆక్సైడ్ పొర కట్టించడం) ఎక్కువ కాలం నిలుస్తుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడితే మధ్యలో నైలాన్ వాషర్లు వేయండి, లేకపోతే స్క్రూ చుట్టూ రేకు తెల్లటి పొడిగా తినేసుకుపోతుంది.